అమ్మానాన్నల మూలకణాలతో మార్పిడి: లుకేమియా రోగులకు హాప్లో సేవ ఎలా ఉంది? (బరంపురం, రాయగడ, కొరాపుట్ వైపు కుటుంబాల కోసం)

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో ఎవరికైనా బ్లడ్ క్యాన్సర్ (లుకేమియా) అనుమానం వస్తే మొదటి పరీక్షలు బరంపురం ఎం.కె.సి.జి.లోనో కొరాపుట్ మెడికల్ కాలేజీలోనో జరుగుతాయి. బోన్ మ్యారో మార్పిడి, అంటే రక్తాన్ని తయారుచేసే మూలకణాలు డోనర్ నుంచి తీసి ఎక్కించడం, అనే మాట వచ్చాక మాత్రం దారులు చీలిపోతాయి. కొందరు కటక్ వెళ్తారు, కొందరు విశాఖ, హైదరాబాదు, మరికొందరు వెల్లూరు. ఎక్కడికి వెళ్లినా ఇప్పుడు తరచుగా వినబడే మాట ఒకటే: "ఫుల్ మ్యాచ్ దొరకలేదు, అమ్మదో నాన్నదో తీసుకుని హాఫ్ మ్యాచ్ చేద్దాం." డాక్టర్లు హాప్లో అని పిలిచే ఈ సేవ ఎలా అందుతోందో, ఎక్కడ గట్టిగా నిలబడుతుందో, ఎక్కడ జారుతుందో చెప్పడానికే ఈ సమీక్ష. ఏ ఆసుపత్రికీ మార్కులు వెయ్యడం లేదు.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. హాప్లో నమ్మదగిన చికిత్స. ఫుల్ మ్యాచ్ తోబుట్టువు లేని రోగికి నెలల తరబడి బయటి దాతల రిజిస్ట్రీల వైపు చూసే పని లేకుండా డోనర్ ఇంట్లోనే ఉండటం చాలా పెద్ద మేలు. లోపాలు ఎక్కువగా కనబడేవి రెండు చోట్ల: డోనర్‌ను ఎంచే పద్ధతిలో, డిశ్చార్జి అయి ఊరికి వచ్చాక గడిచే నెలల్లో. మొదటిదాన్ని "నాది తీసుకోండి" అని ముందుకొచ్చిన తల్లి కన్నీళ్లు నిర్ణయించేస్తాయి. రెండోదాన్ని ఎవరూ నిర్ణయించరు, అదే ప్రమాదం.

అసలు మార్పిడి అవసరమేనా అన్నది ముందు తేల్చుకోవాలి. లుకేమియాలో ఎ.ఎల్.ఎల్., ఎ.ఎం.ఎల్., సి.ఎం.ఎల్. అని రకాలున్నాయి. పిల్లల్లో వచ్చే ఎ.ఎల్.ఎల్. ఎక్కువమందికి కీమోతోనే నయమవుతుంది. ఎం3 రకం ఎ.ఎం.ఎల్.కు ఆట్రా, ఆర్సెనిక్ మందులున్నాయి. సి.ఎం.ఎల్.కు ఇమాటినిబ్ బిళ్లలున్నాయి. తిరగబెట్టిన ఎ.ఎల్.ఎల్., హై రిస్కు ఎ.ఎం.ఎల్., కీమో అయ్యాక కూడా ఎం.ఆర్.డి. (మైక్రోస్కోపుకు అందనంత కొద్దిపాటి జబ్బు) మిగిలిపోయిన కేసులు మార్పిడి వైపు వెళ్తాయి. అప్పుడైనా ముందు జబ్బు రెమిషన్‌లోకి, అంటే అణిగిన స్థితిలోకి, రావాలి. జబ్బు చురుగ్గా ఉండగా చేస్తే తిరగబెట్టే అవకాశం చాలా పెరుగుతుంది. రిపోర్టులో ఎం.ఆర్.డి. గడి ఖాళీగా ఉంటే అది నింపించుకున్నాకే ముందుకు కదలండి.

ఇక మ్యాచింగ్. ఏది తనదో ఏది పరాయిదో ఒంటికి గుర్తుపట్టించే హెచ్.ఎల్.ఎ. జన్యువులు ఆరో క్రోమోజోము మీద ఒక గుత్తిగా ఉంటాయి. ప్రతి మనిషికీ రెండు సెట్లు, ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. అందుకే కన్నవాళ్లు ఎప్పుడూ కనీసం సగం కలుస్తారు. తోబుట్టువు అయితే పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం, సగం కలిసేది 50, అసలు కలవనిది 25. ఎ, బి, సి, డి.ఆర్.బి.1, డి.క్యు.బి.1 అనే అయిదు చోట్ల హై రిజల్యూషన్‌లో చూస్తే మొత్తం పది గుర్తులు. ఫుల్ మ్యాచ్ అంటే పదికి పది, అమ్మానాన్నలు మామూలుగా పదికి అయిదు.

మన ఇళ్లలో ఇక్కడే ఒక విశేషం ఉంది. మేనరికం. భార్యాభర్తలు దగ్గరి చుట్టాలైతే ఇద్దరిలోనూ ఒకే సెట్టు ఉండొచ్చు. తండ్రికి క, ఖ అనే సెట్లు, తల్లికి క, గ అనే సెట్లు ఉన్నాయనుకోండి. బిడ్డకు తండ్రి నుంచి ఖ, తల్లి నుంచి క వస్తే ఆ బిడ్డ తండ్రితో పూర్తిగా కలిసినట్టే. తండ్రి నుంచి క, తల్లి నుంచి గ వస్తే తల్లితో ఫుల్ మ్యాచ్. అంటే మేనరికపు ఇంట్లో కన్నవాళ్లే పదికి పది డోనర్ అయ్యే వీలుంది. అప్పుడు చికిత్స పద్ధతి మారుతుంది, ఖర్చూ తగ్గుతుంది. కాబట్టి చుట్టరికం సంగతి డాక్టరుకు చెప్పడానికి మొహమాటం వద్దు. మేనమామ, మేనత్త, బాబాయి పిల్లల దాకా ఎవరెవరికి పరీక్ష చేయాలో అడగండి. హెచ్.ఎల్.ఎ. రిపోర్టు చేతికి రాకముందే ఎవరైనా హాప్లో ప్యాకేజీ ధర చెబితే ఒప్పుకోవద్దు.

ఈ పరీక్షకు శాంపిల్ ఎలా ఇవ్వాలన్నది కూడా ముఖ్యమే. జబ్బు నిండుగా ఉన్నప్పుడో, తెల్ల కణాలు బాగా పడిపోయినప్పుడో తీసిన రక్తంలో ఫలితం తప్పొచ్చు. అలాంటప్పుడు బుగ్గ లోపలి నుంచి తీసిన స్వాబ్ మంచిది. డోనర్ ఖరారయ్యాక రోగికీ డోనర్‌కూ రెండో శాంపిల్‌తో మళ్లీ సరిచూసుకోవాలి. ట్యూబుల మీద పేర్లు తారుమారు కావడం లాంటివి అప్పుడు బయటపడతాయి. ఈ రెండోసారి పరీక్షను అడగకుండానే చేసే కేంద్రం శ్రద్ధ గల కేంద్రం.

అమ్మా, నాన్నా? ఎక్కువమంది అడిగేది ఇదే. జవాబు ఆసుపత్రి ఏ పద్ధతి వాడుతోందన్న దానిమీద ఆధారపడుతుంది. టి కణాలు (పరాయివాటి మీద దాడి చేసే రోగనిరోధక కణాలు) తీసేసి ఎక్కించే పద్ధతిలో తల్లి డోనర్‌గా ఉన్నవాళ్లు బాగున్నారని 2008లో వచ్చిన యూరప్ అధ్యయనం చెప్పింది. టి కణాలు ఉంచి, వాటిని అణచే ఎ.టి.జి. మందుతో నడిపే బీజింగ్ పద్ధతిలో 2014లో వచ్చిన పెద్ద అధ్యయనం దానికి ఎదురు చెప్పింది: తండ్రి డోనర్ అయినవాళ్లలో జి.వి.హెచ్.డి. (డోనర్ కణాలు రోగి శరీరం మీద దాడి చేయడం), మరణాలు తక్కువ. కడుపుతో ఉన్నప్పుడు తల్లి రోగనిరోధక కణాలు బిడ్డ గుర్తుల్ని ఒకసారి చూసేశాయి. కొడుకుకు తల్లి ఇచ్చినప్పుడు ఆ కణాలు మగ గుర్తుల మీద తిరగబడే వీలు ఎక్కువ. కణాలు ఎక్కించాక సైక్లోఫాస్ఫమైడ్ మందు ఇచ్చే పద్ధతిలో చాలా కేంద్రాలు ముందు వయసు చూస్తాయి, ఆ తర్వాత తండ్రి వైపు మొగ్గుతాయి. అయిదేళ్ల పిల్లాడికి ముప్ఫై అయిదేళ్ల నాన్న చక్కటి డోనర్. ముప్ఫై ఏళ్ల రోగికి అరవై ఏళ్ల నాన్న కంటే సగం కలిసిన తమ్ముడు మేలు. కన్నవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు కానీ అన్నిసార్లూ వాళ్లే మొదటి ఎంపిక కానక్కర్లేదు.

ఇంకో లెక్క కూడా ఉంది. రోగి పక్కన రోజంతా ఉండే మనిషి కావాలి. డోనర్ అయినవాళ్లు కొన్ని రోజులు ఇంజెక్షన్లతో, కణాల సేకరణతో సతమతమవుతారు. నాన్న డోనర్, అమ్మ అటెండెంటు అనే ఏర్పాటు చాలా ఇళ్లలో సాఫీగా నడుస్తుంది. తల్లి గర్భవతి అయినా, పసిపాపకు పాలిస్తున్నా ఆమెను డోనర్‌గా తీసుకోరు.

డి.ఎస్.ఎ. పరీక్ష దగ్గర మాత్రం రాజీ పడొద్దు. రోగి రక్తంలో డోనర్ హెచ్.ఎల్.ఎ. మీద ముందే యాంటీబాడీలు ఉంటే ఎక్కించిన కణాలు నాటుకోకపోవచ్చు. చాలాసార్లు రక్తం ఎక్కిన పిల్లల్లో, కాన్పులైన ఆడ రోగుల్లో ఇవి ఎక్కువగా తయారవుతాయి. సింగిల్ యాంటిజెన్ బీడ్ పద్ధతిలో చేసిన రిపోర్టులో యాంటీబాడీల బలం చెప్పే ఎం.ఎఫ్.ఐ. అనే అంకె చూడండి. సుమారుగా 1000 లోపు ఉంటే ఊరట, 5000 దాటితే వేరే డోనర్‌ను వెతకడమో, ప్లాస్మా మార్చి మందులు ఇచ్చి యాంటీబాడీలు తగ్గించడమో చేయాలి. ల్యాబును బట్టి హద్దులు కొంత మారుతాయి. అమ్మ మీద ఎక్కువ ఉండి నాన్న మీద లేకపోతే ఎంపిక అక్కడే తేలిపోతుంది. ఈ పరీక్ష అయ్యాక మళ్లీ రక్తం ఎక్కించి ఉంటే కండిషనింగ్‌కు (రోగి మ్యారోను ఖాళీ చేసే బలమైన చికిత్సకు) ముందు ఇంకోసారి చేయించాలి. ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనాలో ఈ పరీక్ష లేదని తెలిస్తే మార్పిడికి తేదీ తీసుకోకండి.

దీనికి ముడిపడిన తప్పొకటి మన చిన్న పట్టణాల్లో మంచి మనసుతోనే జరిగిపోతోంది. పిల్లవాడికి రక్తం కావాలనగానే అమ్మ, నాన్న, బాబాయి చేతులు చాస్తారు. మార్పిడికి అవకాశమున్న రోగికి దగ్గరి బంధువుల రక్తం ఎక్కించకూడదు. ఒకటి, దానివల్ల వాళ్ల మీదే యాంటీబాడీలు తయారై డోనర్ చేజారిపోవచ్చు. రెండు, బంధువు తెల్ల కణాల్ని రోగి ఒంట్లోని రక్షణ వ్యవస్థ పరాయివని గుర్తించలేక వదిలేస్తుంది. అవి ఒంట్లో పెరిగి ప్రాణాంతకమైన జి.వి.హెచ్.డి. తేవచ్చు. బ్లడ్ బ్యాంకు ఇచ్చిన రక్తానికి బదులుగా రక్తం ఇవ్వాలంటే ఇవ్వండి, కాకపోతే ఆ యూనిట్ వేరే రోగులకు వెళ్లాలని అక్కడే చెప్పండి. రోగికి తెల్ల కణాలు వడకట్టే ల్యూకోసైట్ ఫిల్టర్ వాడమని అడగండి. మార్పిడి దగ్గరపడ్డాక రక్తం, ప్లేట్‌లెట్లు 25 గ్రే రేడియేషన్ ఇచ్చినవే కావాలి. ఫిల్టర్ వేశాం కదా, రేడియేషన్ ఎందుకనే మాట సరికాదు. ఒకటి రెండోదాని పని చేయదు.

డోనర్ పరీక్షల పట్టికలో హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, సి.ఎం.వి. వైరస్, గుండె, షుగర్ అంతటా ఉంటాయి. మన జిల్లాలవాళ్లు ఇంకో రెండు అడిగి చేయించుకోవాలి. రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరిల్లో సికిల్ సెల్ ఎక్కువ. సికిల్ జబ్బు ఉన్న మనిషికి కణాలు పెంచే జి.సి.ఎస్.ఎఫ్. ఇంజెక్షన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. ట్రెయిట్ (ఒక్క సికిల్ జన్యువు) మాత్రమే ఉన్నవాళ్లు డాక్టరు పర్యవేక్షణలో ఇవ్వగలరు. సాల్యుబిలిటీ పరీక్ష జబ్బుకూ ట్రెయిట్‌కూ తేడా చెప్పదు, హిమోగ్లోబిన్ రకాలు విడదీసి చూపే హెచ్.పి.ఎల్.సి. ఉండాలి. 2023లో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఇచ్చిన కార్డు ఉంటే వెంట తీసుకెళ్లండి. రెండోది మలేరియా. డోనర్ రక్తంతో పాటు పరాన్నజీవి కూడా వెళ్తుంది. దక్షిణాది పెద్ద నగరాల్లో ఈ రెండూ అంతగా గుర్తుకు రావు, గుర్తు చేసే బాధ్యత మనది.

కణాల సేకరణ రెండు విధాలు. మొదటిది, డోనర్‌కు కిలో బరువుకు 10 మైక్రోగ్రాముల చొప్పున జి.సి.ఎస్.ఎఫ్. నాలుగైదు రోజులు చర్మం కింద ఇస్తారు. అరవై కిలోల నాన్నకు రోజుకు 600, అంటే 300 మైక్రోగ్రాముల ఇంజెక్షన్లు రెండు. ఇవి ఫ్రిజ్‌లోనే ఉండాలి. నడుము, తొడ ఎముకలు లాగుతాయి, తల నొప్పి పుడుతుంది, పారాసిటమాల్ సరిపోతుంది. ఎడమ డొక్కలో గట్టిగా నొప్పి వస్తే ప్లీహం సంగతి చూడాలి, వెంటనే చెప్పండి. అయిదో రోజున యంత్రం మీద నాలుగైదు గంటలు. పెదాలు తిమ్మిరెక్కితే అది సిట్రేట్ వల్ల కాల్షియం తగ్గడం, కాల్షియం ఇస్తే పోతుంది. నరాలు సన్నగా ఉన్న తల్లులకు మెడలోనో గజ్జలోనో లైన్ వేయాల్సి రావచ్చు, ముందురోజే చేతులు చూపించుకోండి. రోగి బరువు కిలోకు 40 నుంచి 50 లక్షల సి.డి.34 కణాలు (మూలకణాలు) కావాలి, 20 లక్షలకు తగ్గకూడదు. ఇరవై కిలోల పిల్లకు 8 నుంచి 10 కోట్లు. పెద్దవాళ్ల ఒంటి నుంచి చిన్నపిల్లకు తీయడం కాబట్టి అమ్మానాన్నల దగ్గర ఈ లెక్క తేలిగ్గానే నిండుతుంది.

రెండోది, మత్తు ఇచ్చి కటి ఎముక వెనక భాగం నుంచి మ్యారో తీయడం. వెన్నెముకను ముట్టుకోరు. డోనర్ బరువు కిలోకు 20 మిల్లీలీటర్లు దాటకూడదు. కొన్ని వారాల్లో ఆ మ్యారో మళ్లీ తయారవుతుంది, ఐరన్ బిళ్లలు వాడాలి. మ్యారో వాడితే దీర్ఘకాలపు జి.వి.హెచ్.డి. కొంత తక్కువ, రక్తపు కణాలు వాడితే కౌంట్లు త్వరగా లేస్తాయి. "నాన్న వెన్నుపూస పోతుంది, ఇక పనికి పనికిరాడు" అని ఊళ్లో అనేమాటలు పట్టించుకోవద్దు.

డోనర్ మనసు మార్చుకునే హక్కు కండిషనింగ్ మొదలయ్యే ముందువరకే వాడుకోవాలి. ఆ తర్వాత వెనక్కి తగ్గితే రోగి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే డోనర్‌తో రోగి డాక్టరు కాక వేరే డాక్టరు విడిగా మాట్లాడే కేంద్రం మేలైనది. సమ్మతి పత్రం తెలుగులో చదివి వినిపించమనండి. డోనర్ పని మీద దూరం వెళ్లేవాడైతే కణాల్ని ముందే తీసి గడ్డకట్టించి దాచే వీలుందేమో అడగాలి. పెళ్లీడుకు వస్తున్న కుర్రాళ్లకు కీమో ముందే వీర్యం దాచే మాట కూడా ఎత్తాలి, సిగ్గుతో ఊరుకుంటే తర్వాత చేయగలిగింది ఉండదు.

వార్డు సంగతి క్లుప్తంగా. వారం వరకు కండిషనింగ్, సున్నా రోజున కణాలు ఎక్కించడం. మూడో రోజుకు డోనర్ టి కణాల్లో రోగి శరీరాన్ని పరాయిదిగా చూసినవి జోరుగా విభజన చెందుతుంటాయి. 3, 4 రోజుల్లో రోజుకు కిలోకు 50 మిల్లీగ్రాముల సైక్లోఫాస్ఫమైడ్ వాటినే చంపుతుంది. మూలకణాలు నిద్రాణంగా ఉండి, ఆల్డిహైడ్ డిహైడ్రోజినేజ్ అనే ఎంజైము ఎక్కువగా కలిగి ఉండటంతో బతికిపోతాయి. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు నిలబెట్టిన పద్ధతి ఇది. ఆ నాలుగు రోజుల్లో జ్వరం కాయడం మామూలే. బిడ్డ కాలిపోతోందని స్టెరాయిడ్ ఇమ్మని ఒత్తిడి చేయొద్దు, ఇస్తే టి కణాల విభజన ఆగి మందు పని తప్పిపోతుంది. మూత్రాశయం దెబ్బతినకుండా మెస్నా, సెలైన్ నడుస్తాయి, మూత్రంలో ఎరుపు కనబడితే చెప్పాలి. 5వ రోజు నుంచి జి.వి.హెచ్.డి. రాకుండా టాక్రోలిమస్, మైకోఫినొలేట్ మందులు. కౌంట్లు మామూలుగా 15 నుంచి 20 రోజుల మధ్య లేస్తాయి, 30వ రోజున కైమెరిజం (రక్తంలో డోనర్ కణాల వాటా) చూస్తారు.

అసలు కష్టం ఇంటికి వచ్చాక. 100 రోజులు ఆసుపత్రికి దగ్గర్లో ఉండాలంటారు, ఉండండి. అద్దె గది ఖర్చు చూసుకుని నలభయ్యో రోజునే బండెక్కితే, సి.ఎం.వి. వైరస్ పి.సి.ఆర్. పరీక్ష వారం వారం చేయడానికి మన వైపు ఏర్పాటు దొరకడం కష్టం. టాక్రోలిమస్ స్థాయి రాత్రి మాత్రకు 12 గంటల తర్వాత, పొద్దుటి మాత్ర వేసుకోకముందు తీసిన రక్తంలోనే చూడాలి. మాత్ర మింగి వెళ్తే ఆ అంకె దండగ. కంపెనీ మార్చి కొనొద్దు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, ఫ్లూకోనజోల్ దాని స్థాయిని పెంచేస్తాయి. రిఫాంపిసిన్ పడగొడుతుంది. పంపరపనస తినకూడదు. ఒళ్లు నొప్పులకు ఊరి ఆర్.ఎం.పి. వేసే డైక్లోఫినాక్ సూది టాక్రోలిమస్‌తో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, ఈ సంగతి ఆయనకు ముందే చెప్పి ఉంచండి. విరేచనాలు మొదలైతే సెలైన్ పెట్టించుకుని ఊరుకోవద్దు, అది పేగుల జి.వి.హెచ్.డి. కావచ్చు. అరచేతులు, చెవుల మీద దద్దుర్లు, కళ్లు పచ్చబడటం కూడా అంతే.

తిండి వేడివేడిగా అప్పుడే వండిందై ఉండాలి. చద్దన్నం, పఖాళ, పులిసిన అంబలి మందులు ఆగేదాకా పక్కన పెట్టాలి. పశువుల కొట్టం, కొత్తగా కడుతున్న ఇల్లు, చెమ్మ పట్టిన గోడలు ఫంగస్‌కు నెలవులు. డోనర్ బ్లడ్ గ్రూపు వేరైతే రోగి గ్రూపు మెల్లగా డోనర్‌దిగా మారుతుంది. ఆ మారే నెలల్లో ఏ గ్రూపు ఎర్ర కణాలు, ఏ గ్రూపు ప్లాస్మా ఇవ్వాలో ఆసుపత్రి రాసిచ్చిన కాగితం లేకుండా ఊళ్లోని బ్లడ్ బ్యాంకుకు వెళ్లొద్దు.

ఖర్చు. ప్రైవేటులో హాప్లో అంచనా సాధారణంగా 20 లక్షల పైమాటే. అంచనా కాగితంలో డోనర్ పరీక్షలు, సేకరణ, డి.ఎస్.ఎ., సి.ఎం.వి. పరీక్షలు, ఫంగస్ మందులు, ఎన్ని రోజుల గది, మళ్లీ చేర్చాల్సి వస్తే ఎవరి భారం అన్నవి వరసగా రాయించుకోండి. చవగ్గా కనబడే ప్యాకేజీల్లో ఎక్కువగా ఎగిరిపోయేవి ఇవే. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి ఆ కార్డు వేరే రాష్ట్రంలో ఎంపానెల్ అయిన ఆసుపత్రిలోనూ పని చేస్తుంది, కానీ దాని పరిమితితో హాప్లో పూర్తవదు. ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ) ఒడిశా నివాసులకు వర్తించదు, శ్రీకాకుళంలో చుట్టాలున్నా సరే. రాష్ట్రీయ ఆరోగ్య నిధికి పేద కుటుంబాలు ప్రభుత్వ ఆసుపత్రి ద్వారా దరఖాస్తు చేయొచ్చు, కట్టేసిన బిల్లుకు మాత్రం డబ్బు రాదు. అందుకే దరఖాస్తు ముందు, అడ్వాన్సు తర్వాత. కోల్ ఇండియా సాయంతో నడిచే తలసీమియా పథకం లుకేమియాకు రాదు, దానికోసం రోజులు పోగొట్టుకోవద్దు. రైల్లో చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి 75 శాతం ఉంది. బరంపురం నుంచి వెల్లూరు వెళ్లేవాళ్లు కాట్పాడిలో ఆగే బెంగళూరు బండి చూసుకోవచ్చు. వెల్లూరులో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేదు.

చివరగా, డోనర్ కాని రెండో కన్నవారి రిపోర్టులు. హాప్లో తర్వాత జబ్బు తిరగబెడితే, కొన్నిసార్లు లుకేమియా కణాలు డోనర్‌కు పరాయిగా కనబడే హెచ్.ఎల్.ఎ. సెట్టునే పోగొట్టుకుని దాక్కుంటాయి. అప్పుడు అదే డోనర్ లింఫోసైట్లు మళ్లీ ఎక్కించినా లాభం ఉండదు. ముందు హెచ్.ఎల్.ఎ. లాస్ పరీక్ష అడగాలి. అది తేలితే రెండో మార్పిడికి వేరే సెట్టు ఉన్న డోనర్ కావాలి. నాన్న ఇచ్చి ఉంటే అమ్మ, అమ్మ ఇచ్చి ఉంటే నాన్న. డోనర్ కానివారి హెచ్.ఎల్.ఎ., డి.ఎస్.ఎ., హెచ్.పి.ఎల్.సి. కాగితాలు కూడా అదే ఫైల్లో భద్రంగా ఉంచండి.